పురుటి కారు

మా నాయన కారును జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రికి ఎందుకిచ్చావని నన్ను అడగని చుట్టం లేదు. అడిగినవాళ్లందరికీ ఒకటే చెప్పాను: నాది కాబట్టి ఇచ్చాను. ఆ జవాబు చాలదన్నట్టు మొహం పెట్టేవాళ్లు. చాలకపోతే వాళ్ల కర్మ. ఇప్పుడు వాళ్లలో సగంమంది లేరు, నాకూ వయసైంది. కనుక అసలు సంగతి దాచకుండా రాస్తున్నాను. ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి.

మాది ప్రొద్దుటూరు. మా నాయనకూ చిన్నాయనకూ కలిపి ఒక పత్తి మిల్లు, పల్లెల్లో పొలాలు ఉండేవి. కారు మాత్రం నాయన సొంతంగా కొన్నాడు, ఇంగ్లండుకు తిరిగిపోతున్న ఒక దొర దగ్గర. నల్లది, పొడుగుది. రబ్బరు బుడ్డి నొక్కితే హారను మోగేది. ముందర హ్యాండిలు పెట్టి తిప్పితే గాని ఇంజను లేచేది కాదు. దాన్ని తోలేది మా మిల్లులో పనిచేసే సాయిబు ఒకాయన. ఆయన్ను నేను మామా అని పిలిచేదాన్ని.

ఆ కారులో మా ఇంటి మగవాళ్లు కాక రెండు రకాలవాళ్లే ఎక్కేవారు: పెళ్లికొడుకులు, తప్పు చేసినవాళ్లు. మావైపు పెళ్లికొడుకును ఊరేగించడాన్ని మెరవణి అంటారు. కమలాపురం నుంచి జమ్మలమడుగు దాకా కాస్త పేరున్న ఇంట్లో మెరవణి అంటే మా కారు రావలసిందే. మల్లెపూలూ కనకాంబరాలూ చుట్టి, ముందర పెట్రోమాక్సు లైట్లు పెట్టి నడిపించేవాళ్లు. ఇక తప్పు చేసినవాళ్ల సంగతి. మా నాయన పల్లెల్లో పంచాయితీలు తీర్చేవాడు. చాపాడు, రాజుపాళెం పక్క ఏ ఊళ్లోకి కారు వచ్చినా ఆడవాళ్లు తలుపులు వేసుకునేవాళ్లు, మగవాళ్లు తలపాగాలు తీసి నిలబడేవాళ్లు. నాయన కారు దిగకుండానే తీర్పు చెప్పేవాడు. తప్పు పెద్దదైతే ఆ మనిషిని వెనక సీట్లో ఎక్కించుకొని వచ్చేవాడు. వాడు మా మిల్లు వరండాలో చేతులు కట్టుకొని రెండు మూడు దినాలు నిలబడేవాడు, ఎండకు గాని తిండి లేక గాని వాడికేమైందో ఇంట్లో మేము అడగకూడదు.

మా ఇంటి ఆడవాళ్లకు గూడుబండి ఉండేది. మేము కారును తుడిపించాం, కారుకు దిష్టి తీశాం, కారు కోసం పూలు కట్టాం. ఎక్కలేదు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు మా అమ్మకు రెండో కాన్పు వచ్చింది. రెండు దినాలు నొప్పులు పడింది. మూడో దినం పొద్దున మంత్రసాని చేతులు కడుక్కొని బయటికి వచ్చి, ఇది నా వల్ల కాదు, జమ్మలమడుగు తీసుకుపొండి అని చెప్పింది. ఇంటి ముందర మామ హ్యాండిలు తిప్పాడు. ఇంజను లేచిన శబ్దం నేను విన్నాను. నా చేతిలో అమ్మ చెప్పులున్నాయి, ఆమె వేసుకుంటుందని పట్టుకొని నిలబడ్డాను. అప్పుడు నాయన నడవలోకి వచ్చాడు.

"ఇంజను ఆపు" అన్నాడు. "రేపు కమలాపురంలో మెరవణికి మాటిచ్చినాం. దోవలో కారులో కానుపైతే పదకొండు దినాలు పురుడు మైల. మైల తగిలిన బండిలో పెండ్లికొడుకును ఎట్ల కూచోబెడతాం? గూడుబండి కట్టండి."

మా అవ్వ కూడా అది నిజమేనంది. ఎవరూ ఎదురాడలేదు. ఎదురాడాల్సిన మాట అని కూడా ఎవరికీ తోచలేదు. ఎద్దుల్ని మేత దగ్గర నుంచి తోలుకొచ్చి బండి కట్టేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. జమ్మలమడుగు చేరకముందే, సగం దోవలో, అమ్మ పోయింది. లోపల బిడ్డ కూడా. మరుసటి దినం కారు మెరవణికి పోలేదు లెండి, మా ఇంట్లో చావు మైల వచ్చింది కదా. ఆ పెళ్లివాళ్లు ఎక్కడి నుంచో ఇంకో కారు తెచ్చుకున్నారు. వాళ్లకు ఒక కారు దొరకడానికి మా ఎద్దుల్ని కట్టినంత సేపు కూడా పట్టలేదు.

మా నాయన దుర్మార్గుడు కాడు. అదే నాకు మింగుడు పడనిది. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకొని అక్షరాలు దిద్దించాడు, ఆడపిల్లకు చదువేందని చిన్నాయన అంటే కసిరాడు. కాని అమ్మ గురించి ఒక్కమాట నాతో అనలేదు. ఆంధ్ర రాష్ట్రం వేరైన మరుసటి ఏడు పోయాడు. మిల్లు, పొలాలు చిన్నాయన చేతికి పోయాయి. వీలునామాలో ఒక్క వాక్యం నా గురించి ఉంది: కారు నా కూతురికి. ఎందుకు రాశాడో తెలియదు. అల్లుడు దర్జాగా తిరగాలని రాశాడని చిన్నాయన అన్నాడు. అమ్మ విషయంలో పశ్చాత్తాపం అయి ఉంటుందని మా ఆయన మెల్లగా అన్నాడు. పశ్చాత్తాపమైతే నోటితో చెప్పాలి. చెప్పడానికి పదహారేళ్లు టైముంది ఆయనకు.

మా ఆయన పులివెందుల బోర్డు హైస్కూలులో అయ్యవారు. కారు మన వాకిట్లో పెడితే హెడ్మాస్టరు నాకు లేచి నిలబడతాడేమో అని నవ్వాడు. ఆయనకున్నది ఒక సైకిలు, దాని టైర్లే వారానికోసారి పంచరయ్యేవి. జమ్మలమడుగు ఆసుపత్రికి ఇచ్చేస్తానని నేను చెబితే ఆయన ఒకసారి నా మొహం చూసి, "నీది. నీ ఇష్టం" అన్నాడు. ఆ మూడు మాటలకు ఆయనకు జన్మంతా రుణపడి ఉన్నాను.

చిన్నాయన మాత్రం ఇంతెత్తున లేచాడు. కారు ఆయన షెడ్డులోనే ఉంది, తాళం చెవి ఆయన మొలతాడుకు ఉంది.

"కిరస్తానోళ్ల ఆసుపత్రికా? ఎవరెవరో ఎక్కుతారు. రకతాలు, ఉమ్మనీళ్లు. దినామూ మైలే. అన్న కూర్చున్న సీటు పాపా అది!"

"దినామూ మైల తగలాలనే ఇస్తాండా చిన్నాయనా" అన్నాను. "తగిలినప్పుడల్లా ఒక మనిషి బతుకుతాది."

ఆయన మొలతాడుకున్న తాళం చెవిని తడుముకున్నాడు. తర్వాత బేరానికి దిగాడు. "సరే, దానమియ్యాలనుకుంటే ఇయ్యి. అన్న పేరు రాయించి ఇయ్యి. పేరు ల్యాకుండా దానమేంది? నలుగురికీ తెలియొద్దా?"

నేను ఒప్పుకున్నాను. ఈ కథలో నా తప్పు ఇదొక్కటే. కారు చేతికి వస్తే చాలు, డోరు మీద రంగు ఏముంటే నాకేమనుకున్నాను. చిన్నాయన సినిమా బోర్డులు రాసే మనిషిని పిలిపించి, రెండు డోర్ల మీదా పసుపు రంగుతో, నీడలు కూడా వేయించి, ధర్మదాత, కీర్తిశేషులు అని మొదలుపెట్టి నాయన పేరు రాయించాడు. రోడ్డుకు అవతల నుంచి కూడా చదవచ్చు. ధర్మదాత అన్న మాట చూసి నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నోరు మూసుకొని తాళం చెవి తీసుకున్నాను.

మామ కారును తోలుకుపోయాడు, నేను ఎక్కకుండా బస్సులో పోయాను. ఆసుపత్రిలో కాన్పులు చూసే తెల్ల డాక్టరమ్మ కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, అన్నీ తట్టి చూసి, షరతులేమైనా ఉన్నాయా అని అడిగింది. ఆమె తెలుగు పుస్తకాల తెలుగు.

"ఒకటే" అన్నాను. "కాన్పు కష్టమైందని కబురొస్తే ఏ ఇంటికైనా పోవాలి. ఏ కులమని అడగకూడదు."

"మేము అడగము. మీవారే అడుగుదురు" అంది. నాకు ఆమె బాగా నచ్చింది. మామను ఆమె అక్కడే పనిలో పెట్టుకుంది. ఆ సాయంత్రం బస్సులో పులివెందులకు తిరిగి వస్తూ, అమ్మ పోయాక మొదటిసారి, నా గుండెల మీద నుంచి ఏదో దిగినట్టు నిద్రపోయాను.

రెండు నెలలు గడిచాయి. ఒక ఆదివారం మామ బస్సు దిగి మా ఇంటికి వచ్చాడు. మజ్జిగ తాగాడు, మా ఆయన ఆరోగ్యం అడిగాడు, వానల గురించి చెప్పాడు. ఎంతకూ అసలు మాట రాలేదు.

"కారుకేమన్నా అయిందా మామా?"

"బండికేమైతాది? శుబ్బరంగా ఉండాది. పోతాంది, వస్తాంది." తల వంచుకున్నాడు. "ఒక్క ఆడమనిషి ఎక్కల్యా తల్లీ. రెండు నెల్లలో ఒక్కరంటే ఒక్కరు."

"ఎందుకు?"

"నా నోటితో నేను చెప్పను. మీ నాయన ఉప్పు తిన్నోన్ని. నువ్వే వచ్చి చూడు."

మరుసటి దినమే పోయాను. నేను ఆసుపత్రి వరండాలో కూర్చుని గంట కాలేదు, రాజుపాళెం పక్క ఒక పల్లె నుంచి మిషన్ బడి పంతులు సైకిలు మీద వచ్చాడు. తమ ఊళ్లో ఒక కూలివాళ్ల ఇంట్లో ఆడమనిషి నిన్నటి నుంచి నొప్పులు పడుతోందని, బిడ్డ అడ్డం తిరిగిందని చెప్పాడు. ఇంటి గుర్తులు చెప్పి, మీరు ముందు పొండి, నేను సైకిలు మీద వెనక వస్తానన్నాడు. నర్సమ్మ ముందు సీట్లో మామ పక్కన కూర్చుంది. నేను వెనక కూర్చున్నాను. ఆ కారులో నేను ఎక్కడం అదే మొదలు.

ఊరి మొదట్లో మామ అలవాటు కొద్దీ హారను నొక్కాడు. అంతే. వీధి ఖాళీ అయిపోయింది. తలుపులు టపటప పడ్డాయి. చేటలో గింజలు చెరుగుతున్న మనిషి చేట అక్కడే పెట్టి లోపలికి పోయింది. పంతులు చెప్పిన ఇంటి ముందర మేము ఆగేసరికి, ఒక మగమనిషి వెనక గోడ దూకి జొన్న చేలో పడి పరుగెత్తడం నా కళ్లతో చూశాను. అరుగు మీద ఒక ముసలామె మాత్రం చేతులు జోడించి నిలబడి ఉంది.

"మావోడు ఊళ్లో ల్యాడు తల్లీ. యాడికో కూలికి పోయినాడు. వస్తానే మిల్లు కాడికి పంపిస్తా."

"మీవోడు నాకెందుకవ్వా? నీ కోడలి కోసం వచ్చినాం."

ఆమె అరుగు దిగి వచ్చి నా కాళ్ల మీద పడింది.

"ఆ పిల్ల ఏం తప్పు చేసింది తల్లీ? నొప్పులు పడతాండాది. ఏమన్నా ఉంటే నన్ను ఎక్కించుకోని పో. నేను నిలబడతా వరండాలో. ఎన్ని దినాలైనా నిలబడతా."

లోపల నుంచి ఆ అమ్మాయి మూలుగు వినిపిస్తూనే ఉంది. నర్సమ్మ ఆగకుండా లోపలికి పోయింది. నేను ముసలామెను లేపి, ఇది ఆసుపత్రి బండి అన్నాను. నమ్మలేదు. మా నాయన లేడన్నాను, చచ్చిపోయి ఏడాది కావస్తోందన్నాను.

"తెలుసు తల్లీ" అంది. "పేరు ఉండాది కదా ఆడ." డోరు వైపు వేలు చూపించింది. "నాకు అచ్చరాలు రావు. ఎవరి పేరో అందరూ చెప్పినారు. ఆయప్ప లేకున్నా బండి తిరుగుతానే ఉందని చెప్పుకుంటాండారు."

నాకు సిగ్గేసింది. ఆ వెనుకనే కోపం వచ్చింది. ఎవరి మీద అని అడిగితే అందరి మీదా: నాయన మీద, చిన్నాయన మీద, పసుపు రంగుకు తలూపిన నా మీద. ధర్మదాత! ఒక ఆడమనిషి మా అమ్మలాగే చస్తోంది, అదీ కారు వాకిట్లో ఉండగా, మళ్లీ మా నాయన వల్లే. చచ్చి కూడా ఆయన ఇంజను ఆపుతున్నాడు.

గోడ పక్కన పిడకలు చరచడానికి పేడ తట్ట ఉంది. రెండు చేతులా తీసుకున్నాను. పులివెందులలో మా ఇంటి పిడకలు నేనే చరుస్తాను, నాకు కొత్త పని కాదు. నాయన పేరు మీద ఒక్కొక్క ముద్దా కొట్టి, అరచేత్తో అణిచి పూశాను. మొదటి ముద్దకు మామ "యా అల్లా" అని మొహం తిప్పుకున్నాడు. ఒక డోరు అయ్యాక రెండో వైపుకు పోయాను. మూసిన తలుపుల సందుల్లోంచి కళ్లు కనబడ్డాయి. ఒక ఇంట్లోంచి ఎవరో ఆడమనిషి పుసుక్కున నవ్వింది. ఆ నవ్వుతో నాలుగు తలుపులు తెరుచుకున్నాయి.

ముసలామె నన్నూ డోరునూ మార్చి మార్చి చూసింది. తర్వాత తట్టలోంచి తనూ ఒక ముద్ద తీసుకొని దగ్గరికి వచ్చింది.

"ఈడ ఇంగా కనపడతాంది" అని ఒక మూల పూసింది. చేయి చీర చెంగుకు తుడుచుకొని, జొన్న చేను వైపు తిరిగి, "రారా! ఏం గాదు, రా!" అని కేక పెట్టింది.

నులక మంచం మీద ఆ అమ్మాయిని మోసుకొచ్చారు. మగవాళ్లు నలుగురు, ఇందాక పారిపోయిన వాడితో కలిపి. వెనక సీట్లో పడుకోబెడుతుంటే ఆమె సీటు అంచు పట్టుకొని కిందికి జారింది, కింద పడుకుంటానంది. అంత నొప్పిలోనూ ఆ సీటు ఎవరిదో ఆమెకు గుర్తుంది. నేను చంకల కింద చేతులేసి పైకి లాగి, ఆమె తల నా ఒళ్లో పెట్టుకొని గట్టిగా పట్టుకున్నాను. "పైననే పండుకో. నువ్వు కిందికి పోతే నేనూ కిందికి వస్తా" అన్నాను. మామ హ్యాండిలు తిప్పాడు.

ఆసుపత్రి చేరడానికి మూడు మైళ్ల ముందర, రోడ్డు పక్కన కారు ఆపించి, నర్సమ్మ బిడ్డను తిప్పి బయటికి తీసింది. ఆడపిల్ల. సీటంతా తడిసింది, నా చీర తడిసింది. తల్లి బతికింది, బిడ్డ బతికింది. ఆ కారులో బిడ్డ ఏడుపు వినిపిస్తే నేను పేడ చేతులతో మొహం మూసుకొని ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను గాని, ఎనిమిదేళ్ల పిల్ల ఏడుపు కూడా అందులో ఉంది.

ఆ తర్వాత ఏ పల్లెలోనూ తలుపులు పడలేదని మామ చెప్పాడు. పేడ పూసిన సంగతి కారు కంటే ముందే ఊళ్లు తిరిగింది. ఆసుపత్రివాళ్లు డోర్లు కడిగాక, డాక్టరమ్మ పసుపు అక్షరాల మీద నల్లరంగు కొట్టించింది.

సంగతి ప్రొద్దుటూరుకు కూడా పోయింది. వారం తిరక్కుండానే చిన్నాయన పులివెందులలో బస్సు దిగాడు. మంచినీళ్లు ఇస్తే తాగలేదు. మా వాకిట్లోనే, వీధంతా చూస్తుండగా నిలబడ్డాడు.

"కన్నతండ్రి పేరు మీద పేడ పూస్తావా? మనిషివేనా నువ్వు? ఊళ్లో తలెత్తుకోల్యాకుండా ఉండాము. మళ్లీ పేరు రాయిస్తావా, రాయించవా? ఇప్పుడు చెప్పు."

మా ఆయన ఇంట్లోంచి వచ్చి నా వెనక నిలబడ్డాడు. 

"రాయిస్తా చిన్నాయనా" అన్నాను. "ఆ కారు లేకనే పోయిన మనిషి పేరు రాయిస్తా. మా అమ్మ పేరు."

 చిన్నాయన గొంతు కాస్త తగ్గింది. "సరే. వదిన పేరే రాయించు. ఆమె మాత్రం మన మనిషి కాదా?"

"అయితే నువ్వే చెప్పు, పెయింటరుకు ఏం పేరు ఇయ్యాల?"

చిన్నాయన నోరు తెరిచాడు. మా అమ్మ చేతి అన్నం పన్నెండేళ్లు తిన్నాడాయన. టైఫాయిడు వస్తే నలభై దినాలు ఆమె ఆయనకు గంజి కాచి పోసింది. వదినా అన్నాడు, అన్న పెండ్లామన్నాడు, ఆమె పుట్టింటి ఊరి పేరు పెట్టి ఫలానా ఊరామె అన్నాడు. తెరిచిన నోరు అట్లాగే ఉండిపోయింది. కళ్లు అటూ ఇటూ తిరిగాయి. ఎంతసేపు వెతుక్కున్నా ఆయనకు దొరకలేదు.

"ఏంది పాపా, మీ అమ్మ పేరు?" అన్నాడు చివరికి, చాలా చిన్న గొంతుతో.

చెప్పాను. ఆయన తలూపాడు గాని సరిగా వినబడినట్టు లేదు. అందుకని మళ్లీ చెప్పాను, ఈసారి వీధి వీధంతా వినేటట్టు.